సంక్రాంతికి బండికి సెలవు

సూరత్‌లో మోటార్‌సైకిల్‌ను ఆపేది చలి కాదు, గాలిపటం దారం. రెండు రోజుల నిషేధంతో రెండు నెలల ముప్పు తీరడం లేదు.

జనవరి 14 ఉదయం సూరత్‌లోని లింబాయత్ వీధుల్లో నడిస్తే, తెలుగువారి ఇళ్లు ఏవో అడగాల్సిన పని లేదు. వాకిట్లో ముగ్గే చెబుతుంది. ముగ్గు పక్కనే మోటార్‌సైకిల్ స్టాండు వేసి ఉంటుంది. మామూలు రోజైతే ఆ వేళకి అది ఉధ్నా వైపో, పాండేసరా వైపో షిఫ్టుకు పరుగెడుతుండాలి. ఆ రోజు మాత్రం కదలదు. ఇంటిల్లిపాదీ డాబా మీద ఉంటారు. ఊరంతా డాబాల మీదే ఉంటుంది. ఎవరి గాలిపటమైనా తెగితే చాలు, 'కాయ్‌పో ఛే' అన్న కేక వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పాకుతుంది. ఒక్కో ఏడాది పంచాంగం ప్రకారం మన సంక్రాంతి 15న వచ్చినా, గుజరాతీల ఉత్తరాయణ్ మాత్రం 14నే. మర్నాడు వాసీ ఉత్తరాయణ్. ఆ రెండు రోజులూ సూరత్‌లో చాలామంది ద్విచక్ర వాహనదారులు బండికి సెలవిచ్చేస్తారు.

ఆ సెలవుకు చలి కారణం కాదు. జనవరిలో సూరత్ కనీస ఉష్ణోగ్రత 15 డిగ్రీల అటూ ఇటూగా ఉంటుంది. స్వెట్టరు వేసుకుంటే తెల్లవారుజామున కూడా హాయిగా బండి నడపొచ్చు. చలికి బండిని మూలన పెట్టే అలవాటు మంచు కురిసే దేశాలది. అక్కడ రోడ్ల మీది మంచును కరిగించడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఇనుమును తినేస్తుంది. అందుకే శీతాకాలం రాగానే చాలామంది ఇంజిన్ ఆయిల్ మార్చి, ట్యాంకు నిండా పెట్రోలు పోసి, బ్యాటరీ విప్పి, వసంతం దాకా బండిని షెడ్డులో పెట్టేస్తారు. అలా పెట్టడానికి మనసొప్పని వాళ్లు పక్కన మూడో చక్రం తగిలిస్తారు. 'షోలే' చూసిన వాళ్లకు సైడ్‌కార్ అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. జారే మంచు మీద రెండు చక్రాల బండి పడిపోతుంది, మూడు చక్రాలది నిలబడుతుంది. జర్మనీలో 1956లో మొదలైన 'ఏనుగుల సమ్మేళనం' అనే శీతాకాలపు మోటార్‌సైకిల్ జాతరకు నేటికీ మంచులో సైడ్‌కార్ల మీద వచ్చేవారున్నారు. మన మోటారు వాహనాల చట్టం (1988) కూడా మోటార్‌సైకిల్ నిర్వచనంలోనే, విడదీయగల సైడ్‌కార్‌ను కలిపి చెప్పింది.

అయితే సూరత్ శీతాకాలంలో మూడో చక్రం వల్ల ఉపయోగం లేదు. ఇక్కడ ప్రమాదం చక్రం కింద ఉండదు, మెడ ఎత్తులో ఉంటుంది.

ప్రమాదం జరిగే తీరు చాలా మామూలుగా ఉంటుంది. తెగిన గాలిపటం గాలికి కొట్టుకుపోతూ వందల అడుగుల దారాన్ని వెంట ఈడ్చుకెళుతుంది. ఆ దారం ఒక కొన ఏ చెట్టుకో, దీప స్తంభానికో చిక్కుకుంటుంది. రెండో కొనను అవతల ఎవరో లాగుతుంటారు, లేదా అది మరో చోట చిక్కుపడుతుంది. మధ్యలో రోడ్డు మీద దారం బిగుసుకుని నిలుస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. సన్నటి దారం నాలుగైదు మీటర్ల దూరంలోకి వస్తే తప్ప కంటికి ఆనదు. బ్రేకు మీదికి చెయ్యి వెళ్లేలోగానే అది తగులుతుంది. ఛాతీకి తగిలినా పైకి జారి మెడ దగ్గరే ఆగుతుంది. హెల్మెట్ తలను కాపాడుతుంది గానీ దాని అంచుకూ చొక్కా కాలరుకూ మధ్య ఉండే జాగాను కాపాడలేదు. ఫ్లైఓవర్ల మీద ముప్పు మరీ ఎక్కువ. అక్కడ బండి దాదాపు డాబాల ఎత్తులో వెళుతుంది, పైగా వేగంగా వెళుతుంది.

తెగని దారం

గాలిపటాల పోటీ అంటేనే ఎదుటి దారాన్ని కోయడం. అందుకే నూలు దారానికి గాజుపొడి కలిపిన ముద్ద పట్టించి, ఆరబెట్టి మాంజా తయారు చేస్తారు. సూరతీ మాంజాకు గుజరాత్ అంతటా పేరుంది. డబ్గర్‌వాడ్ లాంటి చోట్ల పండుగకు ముందు వారాల్లో గాలిపటాలు, ఫిర్కీల అమ్మకాలు జోరుగా సాగుతాయి. నూలు మాంజా కూడా చర్మాన్ని కోస్తుంది. కాకపోతే కొంత బలంగా లాగితే తెగిపోతుంది. 'చైనా మాంజా' పేరుతో చలామణీ అయ్యే నైలాన్ దారం అలా తెగదు, సాగుతుంది. సాగి, బిగిసి, లోతుగా దిగుతుంది. లోహపు పొడి పట్టించినదైతే కరెంటు తీగల మీద పడినప్పుడు విద్యుత్తును కూడా ప్రసరింపజేస్తుంది. మట్టిలో కలిసిపోదు కాబట్టి పండుగ వెళ్లాక కూడా చెట్ల కొమ్మల్లో వేలాడుతూ పక్షుల ప్రాణం తీస్తుంది.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో నైలాన్, ఇతర సింథటిక్ మాంజాల తయారీ, అమ్మకం, వాడకాలను దేశమంతటా నిషేధించింది. తెలంగాణ ప్రభుత్వం అంతకు ముందే, 2016లోనే నిషేధం విధించింది. గుజరాత్‌లో పోలీసులు ఏటా ప్రకటనలు జారీ చేస్తారు, దాడులు చేస్తారు, సరుకు పట్టుకుంటారు. మరుసటి ఏడాది మళ్లీ అదే కథ. దాచడం తేలిక, ధర తక్కువ, పోటీలో గెలిపిస్తుందన్న పేరు. కొనేవాడు ఉన్నంత కాలం అమ్మేవాడు ఉంటాడు.

ఇందులో సూరత్‌కే చెల్లిన ఒక వైచిత్రి ఉంది. దేశంలో సింథటిక్ బట్టకు అతి పెద్ద కేంద్రం ఈ నగరమే. ఏడాది పొడుగునా కృత్రిమ దారమే దీనికి అన్నం పెడుతుంది. తెలంగాణ చేనేత ప్రాంతాల నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు మొదలుకొని ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్ కార్మికుల దాకా లక్షలాది మంది ఆ దారం మీదే బతుకుతున్నారు. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేది కూడా ఆ వలస వల్లనే. పన్నెండు గంటలు సాంచాల దగ్గర పోగు తెగకుండా చూసుకున్న మనిషి, ఇంటికి వెళ్లే దారిలో తెగని దారానికి భయపడాల్సి వస్తోంది.

రెండు రోజులు చాలవు

సూరత్‌లో వంతెనలు, ఫ్లైఓవర్లు వంద పైచిలుకు. ఉత్తరాయణ్ రెండు రోజులూ ఫ్లైఓవర్ల మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వకుండా పోలీసులు ఆంక్షలు విధిస్తున్నారు. కింది రోడ్డున చుట్టూ తిరిగి వెళ్లాలన్నమాట. ఈ చర్య మంచిదే. అయితే గాలిపటాలు ఎగిరేది ఆ రెండు రోజులే కాదు. డిసెంబర్‌లోనే పిల్లలు డాబాలెక్కుతారు. పండుగ అయ్యాక తీగలకు, చెట్లకు చిక్కిన దారాలు జనవరి చివరి దాకా గాలికి ఊగుతూనే ఉంటాయి.

2024 జనవరిలో సూరత్‌లోని వరాఛా ప్రాంతంలో ఒక యువతి స్కూటర్ మీద ఫ్లైఓవర్ దాటుతుండగా మాంజా మెడకు చుట్టుకుని మరణించింది. అప్పటికి ఉత్తరాయణ్ రానే లేదు, ఫ్లైఓవర్ల మీద ఆంక్షలూ మొదలు కాలేదు. అదే నెలలో హైదరాబాద్‌లోని లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద మోటార్‌సైకిల్‌పై వెళుతున్న సైనిక జవాను ఒకరు అదే విధంగా ప్రాణాలు కోల్పోయారు. అది భోగి ముందు రోజు. ఈ రెండు మరణాలూ చెబుతున్నది ఒక్కటే: ముప్పు క్యాలెండర్ చూసుకుని రాదు.

పండుగ రోజున బండిని ఇంట్లో పెట్టే వీలు కూడా అందరికీ లేదు. బట్టల మార్కెట్లు మూతపడతాయి గానీ హజీరాలోని ఉక్కు, ఎరువులు, పెట్రోకెమికల్ కర్మాగారాలు ఆగవు. ఆసుపత్రుల్లో నర్సులు, ఇళ్లకు భోజనం చేరవేసే కుర్రాళ్లు, పాలు పోసేవాళ్లు బయటికి రాక తప్పదు. సెలవు రోజున భోజనం ఆర్డర్లు పెరుగుతాయి కాబట్టి కొందరికి ఆ రోజే పని ఎక్కువ. 2005లో హైదరాబాద్‌లో పుట్టి 2007లో గుజరాత్‌కు చేరిన 108 అంబులెన్స్ సర్వీసు ఏటా ఉత్తరాయణ్‌కు ప్రత్యేకంగా సిద్ధమవుతుంది. ఆ రెండు రోజుల్లో పిలుపులు మామూలు కంటే పెరుగుతాయని దాని అనుభవం.

వంచిన చువ్వ విలువ

ఆగలేని బండికి ఉన్న ఉపాయం చాలా చవకైనది. సన్నటి ఇనుప చువ్వను తలకిందులైన 'యు' ఆకారంలో వంచి, హ్యాండిల్‌కు రెండు వైపులా అద్దాల దగ్గర బిగిస్తారు. దాని పైభాగం నడిపేవారి తల కంటే ఎత్తుగా ఉండాలి. ఎదురొచ్చిన దారం మెడను చేరకముందే చువ్వకు తగిలి, వంపు వెంట జారి, తల మీదుగా వెళ్లిపోతుంది. పండుగ రోజుల్లో రోడ్ల పక్కన వీటిని అమ్ముతారు. స్వచ్ఛంద సంస్థలు, పోలీసులు కూడళ్లలో ఉచితంగా బిగించడమూ ఉంది. హ్యాండిల్‌కు ముందు ఒక్క నిలువు కడ్డీ పెడితే చాలదు. దారం దాని పక్క నుంచి తప్పుకుని రావచ్చు. మెడ చుట్టూ మందపాటి మఫ్లరు, వేగం తగ్గించడం, పిల్లల్ని ముందు నిలబెట్టుకోకపోవడం కూడా అంతే అవసరం. చిన్నపిల్లాడి మెడ సరిగ్గా దారం వచ్చే ఎత్తులోనే ఉంటుంది.

నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్, విజయవాడ వైపు పండుగకు వెళ్లేవాళ్లు బండిని కొన్ని వారాలు వదిలి వెళతారు. మంచు దేశాల వాళ్ల జాగ్రత్తలు వీరికీ పనికొస్తాయి: ట్యాంకు నింపడం, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పడం, టైర్లలో గాలి సరిచూసి మెయిన్ స్టాండు వేయడం, నీడలో కప్పి ఉంచడం. తిరిగి వచ్చాక మాత్రం ఒక పని అదనం. వీధిలో పడిన దారాలు చక్రాల ఇరుసుకు, చెయిన్‌కు చుట్టుకునేది సరిగ్గా ఈ రోజుల్లోనే. బండి తీసే ముందు వాటిని కోసి తీసేయాలి. దారి మీద కనిపించిన దారాన్నీ అలాగే చుట్టి చెత్తబుట్టలో వేస్తే, వెనక వచ్చే మరో బండికి మేలు చేసినట్టే.

పోలీసులు చేయగలిగింది ఇంకా ఉంది. ఆంక్షలు, తనిఖీలు డిసెంబర్‌లోనే మొదలు కావాలి. సరుకు చిల్లర దుకాణానికి చేరాక కాదు, గోదాములో ఉన్నప్పుడే పట్టుకోవాలి. చువ్వ బిగించే శిబిరాలు పండుగ ముందు రోజున కాకుండా నెల ముందే పెట్టాలి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. డాబా మీదున్న వాళ్ల పని మరీ తేలిక: నైలాన్ ఫిర్కీ కొనకపోవడం.

జనవరి 16 ఉదయం లింబాయత్‌లో ముగ్గులు చెరిగిపోయి ఉంటాయి. షిఫ్టు వేళకు బండ్లు మళ్లీ బయలుదేరతాయి. చాలావాటికి చువ్వలు అప్పటికే విప్పేసి ఉంటాయి. కరెంటు తీగల మీద మాత్రం దారాలు ఇంకా వేలాడుతూనే ఉంటాయి.