దీపాల పద్దు: ఛానెల్ వేరు, అడ్రసు వేరు

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో ఛానెల్ అనే మాట ఎవరికీ కొత్తది కాదు. సంగం దగ్గర పెన్నకు అడ్డంగా వేసిన కట్టనుండి వచ్చే నీరు కనిగిరి రిజర్వాయరులో చేరి, అక్కడినుండి కాలువలుగా చీలి మాగాణులకు పారుతుంది. ఇంజనీర్ల భాషలో ఆ కాలువలు ఛానెళ్ళు. టెలివిజను వచ్చిన తరువాత ఆ మాటకు మరొక అర్థం వచ్చింది. ఇక రంగస్థలంమీద దీపాలు నడిపే మనిషి నోట అదే మాటకు మూడవ అర్థం, ఒక్కొక్కప్పుడు నాలుగవ అర్థం కూడా ఉంటవి. చిక్కంతా అక్కడే పుడుతున్నది.

ఊళ్ళో కోదండరామస్వామివారి ఉత్సవాలకు గాని, హైస్కూలు వార్షికోత్సవానికి గాని ఒక నాటకం వేస్తున్నారనుకుందాం. దీపాలు అద్దెకు వచ్చినవి. వాటిని నడిపే పెట్టె వచ్చినది. తెర లేవడానికి గంట వ్యవధి ఉన్నది. పెట్టె దగ్గర కూర్చున్న కుర్రవాడు “ఆ దీపం ఛానెల్ ఎంత?” అని కేకవేస్తాడు. నిచ్చెనమీద ఉన్నవాడు దీపం వెనుక ఉన్న అంకె చూసి “పద్ధెనిమిది” అంటాడు. ప్రశ్న ఒకటి, జవాబు ఇంకొకటి. అతడు చెప్పినది అడ్రసు, ఛానెల్ కాదు. ఈ రెంటికీ గల భేదం తెలిసినవారికి ఆ గంట చాలును. తెలియనివారికి రాత్రంతా చాలదు.

ఈ భేదానికి మంచి పోలిక మన గ్రామ లెక్కలలోనే ఉన్నది. ప్రతి పొలానికీ ఒక సర్వే నంబరు కలదు. అది నేలను బట్టి వచ్చినది. పొలం ఎక్కడ ఉన్నదో చెపుతుంది. ఎవరు కొన్నా, ఎవరు అమ్మినా సర్వే నంబరు కదలదు. పట్టా నంబరు అట్లా కాదు. అది రైతును బట్టి వచ్చినది. ఒకే పట్టా కింద మూడు నాలుగు సర్వే నంబర్ల భూమి ఉండవచ్చు. అడంగలు సర్వే నంబర్ల వరుసలో ఉంటుంది. 1-బి రిజిస్టరు పట్టాల వరుసలో ఉంటుంది. (కరణాల కాలం 1984తో ముగిసినా అడంగలు మాత్రం పోలేదు.) అడ్రసు సర్వే నంబరు వంటిది. ఛానెల్ పట్టా నంబరు వంటిది. ఏ పట్టా కింద ఏ సర్వే నంబర్లు ఉన్నవో తెలిపే పద్దునే దీపాలవారు పాచ్ అంటారు.

పోలిక ఇంతవరకు సరిపోయినది. అసలు తీగెలో ఏమి ప్రయాణం చేస్తున్నదో తెలియనిదే అడ్రసు సంగతి బోధపడదు గనుక, దానిని కొంచెం వివరంగా చూద్దాం.

పెట్టెకూ దీపాలకూ మధ్య ఒకే ఒక సన్నని కేబులు ఒక దీపంనుండి మరొక దీపానికి గొలుసుకట్టుగా పోతుంది. అందులో పోయే భాషకు డి.ఎం.ఎక్స్. 512 అని పేరు. 1986లో అమెరికా రంగస్థల సాంకేతికుల సంస్థ దీనిని రూపొందించింది. ఈ భాషలో చిత్రమైన విషయం ఒకటి ఉన్నది. తీగెమీద అడ్రసు అనేది అసలు ప్రయాణమే చేయదు!

ఉపాధ్యాయుడు తరగతిలో మార్కులు చదువుతున్నాడనుకోండి. పేర్లు చదవడు, నంబర్లు చదవడు. “ఇక మొదలు” అని ఒకసారి బల్లమీద కొట్టి, వరుసగా 45, 62, 38, 71 అంటూ అంకెలు మాత్రమే చదువుతాడు. పద్ధెనిమిదో నంబరు కుర్రవాడు వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ ఉండి, పద్ధెనిమిదవ అంకె వచ్చినపుడు అది తనదని తీసుకుంటాడు. డి.ఎం.ఎక్స్. పద్ధతి అచ్చంగా ఇదే. తీగె కనీసం 88 మైక్రోసెకన్లు మౌనంగా ఉండడం బల్లమీద కొట్టడం వంటిది. తరువాత ఒక సూచన గడి, ఆ వెనుక 512 గడులు వరుసగా వస్తవి. ఒక్కొక్క గడిలో 0 నుండి 255 వరకు ఏదో ఒక అంకె ఉంటుంది. సాధారణ దీపానికి 0 అయితే చీకటి, 255 అయితే పూర్తి వెలుగు. దీపానికి మనం పెట్టిన అడ్రసు అంటే, ఎన్నవ గడినుండి తనకు సంబంధించినదో దానికి ముందుగా చెప్పి ఉంచడమన్నమాట.

వేగం ఎంతో విద్యార్థులు లెక్కకట్టవచ్చు. సెకనుకు 2,50,000 బిట్లు పోతవి. అంటే బిట్టుకు 4 మైక్రోసెకన్లు. గడికి 11 బిట్లు గనుక 44 మైక్రోసెకన్లు. సూచన గడితో కలిపి 513 గడులకు 22,572 మైక్రోసెకన్లు. మౌనపు వ్యవధి కూడా కలుపుకొంటే సెకనుకు సుమారు 44 సార్లు మొత్తం జాబితా మొదటినుండి చివరిదాకా చదవబడుతున్నది. ఒకసారి చదవడంలో ఒక అంకె తప్పిపోయినా మరుసటి చదువులో సరిపోతుంది, కంటికి తెలియదు.

పాత ఫోకసు దీపానికి ఒక్క గడి చాలును, వెలుగు తప్ప దానికి మరొక పని లేదు గనుక. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపం అట్లా కాదు. ఒక రకం దీపానికి ఏడు గడులు కావలెననుకుందాం: మొదటిది మొత్తం వెలుగు, రెండవది ఎరుపు, మూడవది ఆకుపచ్చ, నాలుగవది నీలం, అయిదవది మినుకు, ఆరవది తనంత తాను ఆడే ఆట, ఏడవది ఆ ఆట వేగం. దీని అడ్రసు 18 అంటే, అది 18 నుండి 24 వరకు ఏడు గడులను తీసుకుంటుంది. మనం పెట్టేది మొదటి గడి మాత్రమే. తక్కినవి దానంతట అదే లెక్కించుకుంటుంది. ఇక్కడ తయారీదారులు ఒక అపకారం చేశారు. ఈ దీపాన్ని వారు “7 ఛానెళ్ళ దీపం” అని పెట్టెమీద అచ్చువేస్తారు. వారు ఛానెల్ అన్నది గడిని! ఈ మాట ఒక్కటి సరిదిద్దుకుంటే సగం గందరగోళం తీరుతుంది. అందుచేత ఈ వ్యాసంలో దానిని గడి అనే అంటున్నాను.

మన నాటకానికి వచ్చిన సామగ్రిని పద్దు వేద్దాం. ఆరు పాత ఫోకసులు ఒక డిమ్మరుకు తగిలించి ఉన్నవి. వాటికి 1 నుండి 6 గడులు. నాలుగు ఎల్.ఇ.డి. దీపాలకు అడ్రసులు 11, 18, 25, 32. చివరిది 38తో ముగుస్తుంది. తల తిప్పే దీపాలు రెండు, ఒక్కొక్కటి 16 గడులది; వాటికి 101, 117. ఇప్పుడు పెట్టె దగ్గర ఛానెళ్ళు వేద్దాం. ఫోకసులు 1 నుండి 6, ఎల్.ఇ.డి.లు 11 నుండి 14, తల తిప్పేవి 21, 22. ఎల్.ఇ.డి.లలో మొదటిదానికి ఛానెల్ 11, అడ్రసు కూడా 11. ఇదే చాలామందిని మోసగించే చోటు. ఫోకసులలోనూ అంతే, 1కి 1, 6కి 6. రెంటికీ ఒకటే అంకె వచ్చింది గదా అని రెండూ ఒకటే అనుకుంటారు. కాని రెండవ ఎల్.ఇ.డి.కి ఛానెల్ 12, అడ్రసు 18. తల తిప్పే మొదటిదానికి ఛానెల్ 21, అడ్రసు 101.

నిచ్చెనమీదివాడు తొందరలో రెండవ ఎల్.ఇ.డి.కి 18 బదులు 15 పెట్టాడనుకోండి. మొదటి దీపం 11 నుండి 17 వరకు వింటున్నది. రెండవది 15 నుండే వినడం మొదలుపెట్టింది. 15, 16, 17 గడులు ఇద్దరికీ ఉమ్మడి అయినవి. రెండవదాని మొత్తం వెలుగు, మొదటిదాని మినుకు ఒకటే గడిలో పడినవి. పెట్టె మాత్రం రెండవది 18 దగ్గరే ఉన్నదని నమ్ముతున్నది. ఇప్పుడు ఛానెల్ 12 ఎంత పెంచినా ఆ దీపం వెలగదు. దాని నాలుగవ గడి మాత్రమే 18 గనుక వెలుగుకు బదులు నీలపు పాలు మారుతుంది. ఛానెల్ 11కు మినుకు ఇచ్చినపుడు మాత్రం రాముడిమీది దీపం మినుకుతూ సీతమీది దీపం తానుగా లేస్తుంది. దీపం చెడిపోయిందని దించి, విప్పి చూసేవారున్నారు. దీపంలో ఏ దోషమూ లేదు, గట్టు జరిగింది అంతే.

ఇక రెండు దీపాలకు కావాలనే ఒకే అడ్రసు పెట్టడం తప్పు కాదు. వేదికకు ఎడమనొకటి, కుడినొకటి ఒకే రకం దీపాలుండి, రెండూ ఎప్పుడూ కలిసే వెలగవలసి ఉంటే అదే సులువు. అయితే తరువాత విడదీయాలంటే మళ్ళీ నిచ్చెన ఎక్కవలసిందే. వేరువేరు అడ్రసులు పెట్టి, పద్దులో రెంటినీ ఒకే ఛానెల్ కింద చేర్చితే నిచ్చెన అక్కరలేదు. నా ఓటు రెండవ పద్ధతికే.

పాచ్ అనే మాట ఎక్కడినుండి వచ్చిందో చెప్పాలి. పూర్వం ప్రతి దీపానికీ వేరే తీగె, ప్రతి డిమ్మరుకూ వేరే చేతికర్ర. 1959 చివర కలకత్తా మినర్వా థియేటరులో ‘అంగార్’ నాటకంలో బొగ్గుగని నీట మునిగే దృశ్యాన్ని తాపస్ సేన్ దీపాలతోనే చూపి ప్రేక్షకులను నివ్వెరపరచాడు. అప్పటికి ఈ అంకెల తీగె పుట్టనే లేదు. దీపాలు ఎక్కువై డిమ్మర్లు తక్కువైన చోట, ఏ దీపం ఏ డిమ్మరుకు తగలాలో పొట్టి తీగెలతో ఒక బల్లమీద ప్లగ్గులు మార్చేవారు. ఆ పొట్టి తీగెకే పాచ్ తీగె అని పేరు. 1975లో న్యూయార్కు బ్రాడ్వేలో ‘ఎ కోరస్ లైన్’ నాటకానికి థారన్ మస్సర్ జ్ఞాపకశక్తిగల పెట్టెను వాడించింది. అటువంటి పెట్టెలు పెరిగిన కొద్దీ ప్లగ్గుల బల్ల పెట్టెలోపలి పట్టికగా మారింది. తీగెలు పోయినా పేరు నిలిచింది.

ఇంత శ్రమపడి రెండు అంకెలు ఎందుకు? ఒకటే ఉంచితే పోదా? నాటకం ఆడేవారిని అడగవలసిన ప్రశ్న ఇది. దీపాల మనిషి రాసుకొనే కాగితంలో “మూడవ రంగం, సీత ప్రవేశం, ఛానెల్ 13 డెబ్భై వంతులు” అని ఉంటుంది. ఇటువంటివి ఒక నాటకానికి వంద ఉండవచ్చు. సాయంత్రం ఛానెల్ 13 దీపం మాడిపోయింది. బదులు దొరికినది పది గడుల దీపం. దానిని పాత చోటనే 25కు పెడితే 34 దాకా పాకి, 32 దగ్గర ఉన్న నాలుగవ దీపం పొలంలో పడుతుంది. కనుక దానికి 39 పెట్టి, పద్దులో “13 అంటే ఇకమీదట 39, పది గడుల రకం” అని ఒక్క పంక్తి మార్చాలి. రకం కూడా చెప్పడం మరవకూడదు. లేకపోతే ఎరుపు అడిగితే నీలం వస్తుంది. కాగితంలోని వంద పంక్తులలో ఒక్కటీ మారదు. ఛానెల్ నాటకానికి చెందినది, అడ్రసు ఆ రాత్రి ఆ పందిరికి చెందినది. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలై ఊరూరా తిరిగిన సురభివారివంటి సమాజాలకు ఈ సౌకర్యం విలువ చెప్పనక్కరలేదు. ఈరోజు నెల్లూరు, రేపు కావలి. ఊరూరా దీపాలు వేరు, నాటకం ఒకటే.

అయితే మన పల్లెలకు ఎక్కువగా వచ్చే చవుక పెట్టెలో ఈ పద్దు ఉండదని గమనించాలి. పన్నెండు మీటలు, మీటకు పదహారు గడులు, మొత్తం 192 గడుల పెట్టె అది. మొదటి మీట 1 నుండి, రెండవది 17 నుండి, మూడవది 33 నుండి. పన్నెండవది 177 నుండి. దీనితో పనిచేసేటపుడు పెట్టె దీపాలకు లొంగదు, దీపాలే పెట్టెకు లొంగాలి. ఏడు గడుల దీపం కూడా 17కో 33కో కట్టుబడి, తొమ్మిది గడులు బీడు పెడుతుంది. ఈ పెట్టెమీద పని నేర్చినవారికి ఛానెల్, అడ్రసు ఒకటే అనిపించడంలో వింత లేదు.

కొన్ని దీపాలమీద అడ్రసు తెరమీద అంకెగా కాక, తొమ్మిది చిన్న మీటలుగా ఉంటుంది. వాటి విలువలు 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256. పైకెత్తిన మీటల విలువలు కూడితే అడ్రసు. 18 కావాలంటే 16, 2 ఎత్తాలి. 117 కావాలంటే 64, 32, 16, 4, 1. ద్విసంఖ్యామానం బోధించే లెక్కల మాస్టరుకు ఇంతకంటె మంచి పరికరం దొరకదు. తొమ్మిదీ ఎత్తితే 511 మాత్రమే వస్తుంది; 512 ఎట్లా పెట్టాలన్నది కుర్రవాళ్ళకు విడిచిపెట్టదగిన ప్రశ్న. కొందరు తయారీదారులు లెక్క సున్నానుండి మొదలుపెడతారు, అప్పుడు కూడికకు ఒకటి కలపాలి. పదవ మీట ఉంటే అది అడ్రసుది కాదు, దీపం పెట్టె మాట వినాలో తనంత తాను ఆడాలో చెప్పేది.

2006లో ప్రమాణమైన ఆర్.డి.ఎం. అనే పద్ధతిలో అదే తీగెమీద దీపం కూడా పెట్టెకు జవాబు చెప్పగలదు. దానికి తగిన దీపాలయితే కిందనే కూర్చొని అడ్రసులు మార్చవచ్చు. 512 గడులు చాలనపుడు రెండవ తీగె వేస్తారు; అక్కడ మళ్ళీ 1 నుండి లెక్క. మన ఉదాహరణలో వాడినవి 66 గడులే గనుక ఆ ప్రసక్తి రాదు.

తప్పు పద్దులో ఉన్నదా, తీగెలో ఉన్నదా తెలుసుకొనే ఉపాయం ఒకటి ఉన్నది. గొలుసులో ఒక చోటనుండి అవతల ఉన్న దీపాలన్నీ వణికినా, ఆరినా అది కేబులు దోషం. చివరి దీపానికి 120 ఓముల నిరోధకం పెట్టారో లేదో కూడా చూడాలి. తక్కినవన్నీ చక్కగా ఉండి, ఒక దీపం మాత్రం వేరొకదాని పని చేస్తే అడ్రసు దోషం. అడ్రసులన్నీ సరిగా ఉండి, అడిగిన దీపానికి బదులు మరొకటి చక్కగా వెలిగితే పద్దు దోషం.

దీనికి తెర లేవడానికి ముందు పది నిమిషాలు కేటాయించాలి. వేదిక చీకటి చేసి, పెట్టె దగ్గర ఒకరు ఛానెళ్ళను ఒక్కొక్కటిగా, తక్కినవన్నీ ఆర్పి, లేపాలి. వెలిగినది ఏ దీపమో, ఏ రంగో వేదికమీద నిలబడినవాడు కేకవేసి చెప్పాలి. రెండవవాడు కాగితంలో ఛానెల్, అడ్రసు, దీపం రకం, అది తగిలించిన చోటు నాలుగూ ఒకే వరుసలో రాసి ఉంచుకొని, కేక సరిపోయిన వరుసకు టిక్కు పెట్టాలి.