చక్కెరల చదువు.. ఫార్మాలో కొలువు

మీ కాలేజీ ఐడీ కార్డు మీద బ్లడ్‌గ్రూప్ ఓసారి చూడండి. ఏ, బీ, ఓ.. వీటి మధ్య తేడా ఏంటో తెలుసా? ఎర్ర రక్తకణం పైన ఉండే గొలుసు చివర ఒకే ఒక్క చక్కెర! ‘బీ’లో అది గెలాక్టోజ్. ‘ఏ’లో దానికి దగ్గరి చుట్టం ఎన్-ఎసిటైల్ గెలాక్టోసమైన్. ‘ఓ’లో ఆ చోటు ఖాళీ. ఆ కాస్త తేడా పట్టించుకోకుండా రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది.

మన ఇళ్లలో షుగర్ అంటే జబ్బు పేరు. క్లాసులో అయితే ‘శక్తినిచ్చేవి’ అని రాసి రెండు మార్కులు తెచ్చుకుంటాం. జీవుల్లో చక్కెరలు చేసే మిగతా పనులన్నీ చదివేదే గ్లైకోబయాలజీ. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రేమండ్ డ్వెక్, ఆయన సహచరులు 1988లో ఈ పేరును వాడుకలోకి తెచ్చారు.

నాలాంటి ఇంజినీర్లకు ఇందులో నచ్చేది దీని చిక్కుదనమే. డీఎన్‌ఏ నాలుగు అక్షరాల వరస. చక్కెరలు అలా కాదు, కొమ్మలు వేస్తాయి. రెండు గ్లూకోజ్‌లనే 11 రకాలుగా జోడించొచ్చు. అన్నంలోని పిండిపదార్థం, చొక్కాలోని పత్తి.. రెండూ గ్లూకోజ్ గొలుసులే. జోడింపు వేరు కాబట్టి ఒకటి అరుగుతుంది, ఇంకోటి అరగదు. పైగా ఈ గొలుసులకు డీఎన్‌ఏలో నేరుగా నమూనా ఉండదు. ఎంజైములు ఒక్కో చక్కెరనూ అతికిస్తూ పోతాయి. కణం పరిస్థితిని బట్టి గొలుసు రూపం మారుతుంది.

ఉద్యోగాలు పుట్టేది సరిగ్గా ఇక్కడే. యాంటీబాడీ మందులను చాలావరకు బయోరియాక్టర్లలో పెంచే హ్యామ్‌స్టర్ కణాలతో తయారుచేస్తారు. జన్యువు అదే అయినా ఉష్ణోగ్రత, పీహెచ్, కణాలకిచ్చే పోషకాలు మారితే మందుకు అతుక్కునే చక్కెరలూ మారతాయి. ఫ్యూకోజ్ అనే ఒక్క చక్కెర లేకపోతే, క్యాన్సర్ కణాల్ని రోగనిరోధక కణాలతో చంపించే శక్తి బాగా పెరుగుతుంది. అందుకే బయోసిమిలర్ కంపెనీలు తమ మందులోని చక్కెరల అమరిక అసలు మందుకు దగ్గరగా ఉందని చూపించాలి. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్ బయోసిమిలర్‌ను తెచ్చింది. భారత్ బయోటెక్ వారి టైఫాయిడ్ టీకా టైప్‌బార్ టీసీవీ కూడా చక్కెర కథే. బ్యాక్టీరియా పైపొర చక్కెర ఒక్కటే ఇస్తే రెండేళ్లలోపు పిల్లల్లో సరిగా పనిచేయదు. దాన్ని టెటనస్ టాక్సాయిడ్ ప్రొటీన్‌కు జోడించడంతో ఆరు నెలల పాపకూ ఇవ్వగలుగుతున్నారు.

అయితే ‘గ్లైకోబయాలజిస్ట్ కావలెను’ అనే ప్రకటన కోసం ఎదురుచూడకండి. అనలిటికల్ డెవలప్‌మెంట్, క్యారెక్టరైజేషన్, క్వాలిటీ కంట్రోల్ లాంటి పేర్లతో వెతకండి. ఎమ్మెస్సీ, ఫార్మసీ వాళ్లకు హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ వచ్చి ఉండాలి. నన్నడిగితే పది ఆన్‌లైన్ సర్టిఫికెట్ల కంటే ప్రాజెక్టు పేరుతో రెండు నెలలు ఆ పరికరం ముందు కూర్చోవడం మేలు. కెమికల్ ఇంజినీర్లకు బయోరియాక్టర్ల దగ్గర పనుంది. పైథాన్ వచ్చినవాళ్లకు మాస్ స్పెక్ట్రోమీటర్ కుమ్మరించే డేటా ఉంది.

‘ఎసెన్షియల్స్ ఆఫ్ గ్లైకోబయాలజీ’ నాలుగో ఎడిషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. బైపీసీ నుంచి వచ్చినవాళ్లు మొదటి అధ్యాయాలు చకచకా చదివేస్తారు. ఎంపీసీ వాళ్లకు ఇంకో వారం ఎక్కువ పడుతుంది, అంతే.