పాత గడియారమా, పాతగా చేసిందా?

రామచంద్రపురం చుట్టుపక్కల పాత మండువా ఇళ్ళు విప్పితే దూలాలు, తలుపులతో బాటు గోడగడియారాలూ అమ్మకానికొస్తాయి. వాటి పేరు చెప్పి నిన్నమొన్న చేసినవీ వస్తాయి. డయలు మీద పేరు చూసి మురిసిపోకండి, అది ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. తలుపు తీయించి లోపల చూడండి.

అన్సోనియా అనే అమెరికా కంపెనీ 1929లో తన యంత్రాలను సోవియట్ రష్యాకి అమ్మేసింది. కనక ఆ పాత కంపెనీ చేసిన గడియారానికి తొంభై అయిదేళ్ళ పైమాటే. అన్నేళ్ళు వారం వారం కీ ఇస్తే, కీ పెట్టే చిల్లుల చుట్టూ గీతలు పడవూ? కంపెనీ ముద్ర చాలావాటికి మిషను ఇత్తడి పలకలోనే దిగి ఉంటుంది. ప్లస్ గుర్తు స్క్రూలు వాడుకలోకొచ్చింది 1930లలో. ఒకటీ అరా ఉంటే మరమ్మతు అనుకోవచ్చు, అన్నీ అవే అయితే మాత్రం అనుమానించాలి.

అసలు మిషనుని వేరే పెట్టెలో బిగించినవి మరీ చిక్కు. పెట్టె కూడా పాతదే అయితే, దేనికీ పనికిరాని పాత చిల్లులు లోపల కనబడతాయి.

మీ అత్తగారి నాటి గడియారమే అమ్మదలిస్తే, దయచేసి చింతపండు పెట్టి తోమేయకండి. ఆ మకిలి చూసే తెలిసినవాళ్ళు వయసు కడతారు.