చిరుసైట్ల నిర్మాణము, ర్యాంకు, విసర్జనము

ప్రకటనల ఆదాయమునకై ఒక్క స్వల్పవిషయమును మాత్రమే ఆశ్రయించి, కొలది పుటలతో నిర్మింపబడు వెబ్‌సైట్లు నేడు అసంఖ్యాకముగా నున్నవి. వీనిని మేమీ వ్యాసమున చిరుసైట్లని వ్యవహరింతుము. ఇవి యెట్లు పుట్టునో, యెట్లు పైకి వచ్చునో, యెట్లు తొలగింపబడునో తెలిపి, ఆ తొలగింపు భాషాపరిశోధకులకు ఏల పట్టవలెనో చూపుట మా యుద్దేశము.

వీని వ్యాప్తికి ముఖ్యకారణము గూగుల్ సంస్థ 2003లో ప్రారంభించిన యాడ్‌సెన్స్ పద్ధతి. యజమాని ప్రకటనకర్తలను స్వయముగా వెదకనక్కరలేకయే, పుటలోని విషయమునకు తగిన ప్రకటన వచ్చి చేరును. ప్రకటనస్థలము వేలమున అమ్ముడగును గావున, పాఠకుల సంఖ్య సమానమైనను, భీమా, ఋణములవంటి విషయములకు ఎక్కువ సొమ్మును, పూలమొక్కలవంటివానికి తక్కువ సొమ్మును వచ్చుట సామాన్యము. తెలుగు పుటలకు ఈ సౌకర్యము 2018లో లభించినది.

నిర్మాత తనకేమి తెలియునని గాక, జనులేమి వెదకుచున్నారని ముందుగా చూచును. మల్లెను ఉదాహరణముగా గొందము. “మల్లె మొగ్గలు ఎందుకు రాలిపోతున్నాయి” అని వెదకువారు పలువురుండి, తగిన సమాధానమిచ్చు పుటలు కొలదిగా నున్నచో, అది చిరుసైటునకు అనువైన తావు. ఆ ప్రశ్నయే శీర్షిక యగును. దానిననుసరించి పుట్టు ప్రశ్నలు ఉపశీర్షికలగును. కావ్యమున వస్తువును కవి యెన్నుకొనును. ఇచట వస్తువును, పదములను గూడ పాఠకుని ప్రశ్నయే నిర్ణయించును. అందుచే నిఘంటువుల కెక్కని వాడుకమాటలు ఈ పుటలలో చేరుటకు అవకాశము కలదు.

ఇక ర్యాంకు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో వివరించిన పేజ్‌ర్యాంకు సూత్రము ప్రకారము, ఒక పుటనుండి మరియొకదానికి గల లింకు సాక్ష్యమువంటిది. గణ్యమైన పుట ఇచ్చు సాక్ష్యమునకు విలువ యెక్కువ. పండితులు ఒకరి నొకరు ఉదాహరించుటతో దీనికి పోలిక కలదు. సూత్రము తెలియగనే కూటసాక్ష్యములు బయలుదేరినవి. లింకులను కొనుటయు, తమ సైట్లనుండి తమకే లింకులిచ్చుకొనుటయు వ్యాపారమైనవి. గూగుల్ 2011 ఫిబ్రవరిలో పాండా అను మార్పుచే పసలేని పుటలను, 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అను మార్పుచే కల్పిత లింకులను దిగజార్చినది. 2024 మార్చిలో, ర్యాంకునకై రాశులుగా పుటలు పుట్టించుటయు, గడువు తీరిన పేర్లను వాని పూర్వప్రతిష్ఠకై కొని వాడుటయు నిషిద్ధములని ప్రకటించినది.

ర్యాంకు పడినచో పాఠకులు తగ్గుదురు. వారితో ఆదాయము తగ్గును. అది డొమైన్ రుసుమునకును, హోస్టింగు అద్దెకును చాలనప్పుడు యజమాని సైటును అమ్మును, లేదా పెద్దసైటులో కలిపి పాత చిరునామాలను అటు మళ్లించును, లేదా రుసుము చెల్లించుట మానును. డాట్ కామ్ పేర్ల విషయమున, గడువు తీరిన పిమ్మట రిజిస్ట్రారు 45 దినములవరకు వేచియుండవచ్చును. తొలగించిన తరువాత 30 దినములలో పాతయజమాని అదనపు రుసుముతో విడిపించుకొనవచ్చును. ఆపై 5 దినములకు ఆ పేరు ఎవరికైనను లభ్యమగును. క్రొత్తవాడు అందు జూదపు ప్రకటనలనే నింపినను అడ్డులేదు. అప్పుడు సిద్ధాంతవ్యాసములోని ఉదాహరణము, అక్షరమైనను మారకయే, అసత్యమగును.

ముద్రితగ్రంథమునకు ఈ దురవస్థ కొంత తప్పినది. 1954 నాటి చట్టము ప్రతి గ్రంథమును ప్రచురించిన 30 దినములలో కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మరి మూడు గ్రంథాలయములకును పంపవలెనని విధించినది. అమ్ముడుపోని గ్రంథమునకును అచట చోటు కలదు. చిరుసైటు మాత్రము సంపాదించినన్నినాళ్లే నిలుచును. మల్లెతోట పెంచినవాడు తన అనుభవమును తనమాటలలో వ్రాసిన పుటయు, ఇతరులది నకలుచేసిన పుటయు ఒకే లెక్కతో మూతపడును. ఆ లెక్కలో సత్యమునకు గాని, భాషకు గాని స్థానము లేదు.

1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ పలుపుటల ప్రతులను భద్రపరచుచున్నది. 2001నుండి అవి అందరికిని వేబ్యాక్ మెషీన్ ద్వారా అందుచున్నవి. అయినను అందు అన్నియు చేరవు. కావున విద్యార్థి యిట్టి పుటను ఉదాహరించునపుడు చూచిన తేదీని వ్రాయుటయు, ఆర్కైవునందు ప్రతిని చేర్చుటయు, తనకడ మరియొక ప్రతిని ఉంచుకొనుటయు అవసరము. పర్యవేక్షకులైన అధ్యాపకులు సిద్ధాంతవ్యాసమును స్వీకరించునపుడే ఆ ప్రతులను గూడ అడిగి శాఖాగ్రంథాలయమున చేర్చుట మేలని మా యభిప్రాయము.