తాతతో, అవ్వతో పిట్టల లెక్క: పొంగల్ సెలవుల్లో ఒక మంచి పని



సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయి. పిల్లలు ఊళ్లకు, తాతల దగ్గరికీ అవ్వల దగ్గరికీ వెళ్తారు. మొదటి రోజు కబుర్లతో గడిచిపోతుంది. రెండో రోజుకు పిల్లల చేతిలో ఫోను, పెద్దల ముందు టీవీ. మీ ఇంట్లోనే కాదు, మా ఇంట్లోనూ ఇదే కథ. అందుకని ఈసారి తాతా మనవలు కలిసి చేయగలిగిన ఒక పని చెబుతాను. పైసా ఖర్చు లేదు. పొద్దున అరగంట చాలు. శాస్త్రజ్ఞులకు ఇది నిజంగా పనికొచ్చే పని.

అదే పొంగల్ పక్షుల లెక్క. 2015 నుంచి తమిళనాడులో ప్రతి ఏటా పొంగల్ పండుగ నాలుగు రోజులూ పక్షుల మీద ఇష్టం ఉన్నవాళ్లు తమ తమ ఊళ్లలో కనిపించిన పిట్టలను లెక్కపెట్టి నమోదు చేస్తున్నారు. పెద్ద చదువులు అక్కర్లేదు. ఇంటి మిద్దె మీద నిలబడి చేయవచ్చు, చెరువు కట్ట మీద చేయవచ్చు.

లెక్కపెడితే ఏమొస్తుంది?

ఈ అలవాటు పాతదే. అమెరికాలో ఒకప్పుడు క్రిస్మస్ నాడు జట్లు జట్లుగా తుపాకులతో వెళ్లి, ఎవరు ఎక్కువ పిట్టలను, జంతువులను కొడతారో అని పోటీ పడేవారు. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు, కొట్టడం మానేసి లెక్కపెడదాం అన్నాడు. ఆ ఏడు వచ్చినవాళ్లు 27 మంది. ఆ లెక్క ఇప్పటికీ ఏటా జరుగుతూనే ఉంది.

మన దేశంలో 2023లో పక్షుల స్థితి మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. అందులో 942 జాతుల పక్షులను పరిశీలించారు. దానికి ఆధారం 30 వేల మందికి పైగా పరిశీలకులు పంపిన 3 కోట్ల నమోదులు. వాళ్లలో చాలామంది మనలాంటి మామూలు మనుషులే. ఉద్యోగం చేసుకుంటూ, చదువుకుంటూ, తీరిక దొరికినప్పుడు చూసి రాసినవాళ్లు.

ఆ నివేదికలో మనల్ని ఆలోచింపజేసే సంగతి ఒకటుంది. విజయదశమి నాడు పాలపిట్ట కనిపిస్తే మంచిదని మన పెద్దలు వెతికి మరీ చూసేవాళ్లు. ఆ పాలపిట్ట దేశంలో బాగా తగ్గిపోయిందని, దాని పరిస్థితిని ప్రపంచ స్థాయిలో మళ్లీ పరిశీలించాలని అందులో రాశారు. పిచ్చుక సంగతి వేరు. పిచ్చుకలు పూర్తిగా పోయాయని మనమంతా అంటుంటాం. కానీ 2020లో వచ్చిన మొదటి నివేదిక ప్రకారం, పెద్ద నగరాల్లో తగ్గినా దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. అనుకోవడం ఒకటి, లెక్క ఒకటి. ఏది పోతోందో, ఏది నిలిచిందో తెలియాలంటే ఎవరో ఒకరు లెక్కపెట్టి రాయాలి కదా.

హాజరు పట్టీ లాంటిదే

నేను ఇన్నేళ్లుగా హాజరు పట్టీ రాస్తున్నవాణ్ణి. వచ్చిన పిల్లలకే గుర్తు పెట్టి, రానివాళ్లను వదిలేస్తే అది హాజరు పట్టీ అవుతుందా? ఎవరు రాలేదో తెలియడమే దాని అసలు ఉపయోగం. పక్షుల లెక్క కూడా అంతే. నెమలి కనబడింది కాబట్టి నెమలిని మాత్రం రాసి, కాకులు, గోరింకలు ఎప్పుడూ ఉండేవే అని వదిలేస్తే ఆ లెక్క సగం లెక్క. గుర్తుపట్టిన ప్రతి పిట్టనూ రాస్తే, రాయని పిట్ట ఆ వేళకు అక్కడ మీ కంట పడలేదని శాస్త్రజ్ఞులకు అర్థమవుతుంది. పదేళ్ల కిందట ఒక చెరువు దగ్గర ప్రతిసారీ కనిపించిన పిట్ట ఇప్పుడు ఎవరి పట్టీలోనూ లేదంటే, అది తెలుసుకోవలసిన సంగతి.

మరి హాజరు నిజాయితీగా వేయాలి. ఇందులో నేనే తప్పు చేశాను, చెబుతాను. మా ఊరి చెరువు కట్ట మీద రెండో తరగతి చదివే మా మనవరాలితో నిలబడి బుడుబుంగలను లెక్కపెట్టాను. ఇరవై అని రాయమన్నాను. ఆ పిల్ల రాయలేదు. "తాతా, అవి మునిగి ఇంకోచోట లేస్తున్నాయి. నువ్వు ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టావు" అంది. నాకు కొంచెం చిన్నతనం అనిపించిన మాట నిజమే. అయినా మళ్లీ మొదలుపెట్టాం. చెరువు ఆ చివర నుంచి ఈ చివర దాకా మూడుసార్లు చూసి, ఒక్క చూపులో ఎక్కువగా కనబడిన సంఖ్యనే తీసుకున్నాం. పదకొండు. ఇరవై అని పంపి ఉంటే మా చెరువు గురించి ఒక అబద్ధం లెక్కల్లోకి చేరేది.

ఎవరి పని ఏది?

పిల్లల చూపు చురుకు, ఫోను వాడకం వాళ్లకు బాగా తెలుసు. పెద్దల దగ్గర పేర్లున్నాయి. మన బడి పిల్లలకు కింగ్‌ఫిషర్ తెలుసు, లకుముకి పిట్ట తెలియదు. తప్పు వాళ్లది కాదు, చెప్పేవాళ్లు లేక. ధర్మపురిలో ఉండే మనకు తమిళ పేర్లు కూడా వీధిలోనే దొరుకుతాయి. మూడూ పక్కపక్కన రాసుకుంటే చూడండి ఎంత బాగుంటుందో. పాలపిట్టను తమిళంలో పనంగాడై అంటారు, ఇంగ్లీషులో ఇండియన్ రోలర్. జెముడుకాకిని సెంబోత్తు అంటారు. మన తీతువు పిట్ట వాళ్లకు ఆళ్‌కాట్టి, అంటే మనిషిని చూపించేది. తీతువు అరిస్తే అపశకునం అని అవ్వలు అంటారు. నిజానికి అది నేల మీద గుడ్లు పెడుతుంది, ఎవరైనా దగ్గరికి వస్తే భయపడి అరుస్తుంది. ఆ సంగతి తమిళ పేరులోనే ఉంది.

తాత వెళ్లిపోయాక ఈ పేర్లు అడగడానికి ఎవరూ ఉండరు. ఇప్పుడే రాసుకోవాలి.

ఎలా చేయాలి?

1. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య మంచి వేళ. కనీసం 15 నిమిషాలు చూడాలి.

2. నోటుపుస్తకంలో తేదీ, స్థలం, మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, ఎంతమంది చూశారు అన్నవి ముందు రాయండి.

3. ప్రతి పిట్ట పేరు, సంఖ్య రాయండి. గుంపు పెద్దదైతే పదింటిని లెక్కపెట్టి, అలాంటి పదులు ఎన్ని ఉన్నాయో అంచనా వేయండి.

4. తెలియని పిట్టకు ఊహించి పేరు పెట్టవద్దు. రంగు, ముక్కు, తోక, సైజు రాసుకోండి, బొమ్మ వేయండి. మెర్లిన్ అనే ఉచిత యాప్ కొంత సాయం చేస్తుంది. కానీ అది చెప్పినదే చివరి మాట కాదు, కళ్లతో సరిచూసుకోవాలి.

5. ఇంటికి వచ్చాక తల్లో తండ్రో తమ పేరున ఈబర్డ్ యాప్‌లో ఆ వివరాలు నమోదు చేయండి. గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని అది అడుగుతుంది. నిజంగా అన్నీ రాస్తేనే అవునని చెప్పండి.

జాగ్రత్తలు

పిల్లలను ఒంటరిగా చెరువు దగ్గరికి పంపవద్దు. నీళ్లలోకి దిగనివ్వవద్దు. గడ్డిలో, పొదల్లో చేతులు పెట్టనివ్వవద్దు. గూటి దగ్గరికి వెళ్లవద్దు, గుడ్లు తాకవద్దు. ఫోనులో పిట్ట కూతలు పెట్టి వాటిని పిలవవద్దు. అటవీ శాఖ అనుమతి లేకుండా అడవిలోకి పోవద్దు.

"సార్, ఏనుగుల లెక్కకు వెళ్లవచ్చా?" అని పిల్లలు అడుగుతారు. మన జిల్లాలో హొగెనకల్, పెన్నాగరం వైపు అడవుల్లో ఏనుగులు ఉన్నాయి. 2022లో ప్రకటించిన కావేరి దక్షిణ అభయారణ్యం ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో సుమారు 686 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. అటవీ శాఖ ఏనుగులను నేరుగా చూసి లెక్కపెడుతుంది, పేడ కుప్పలను బట్టీ, నీటి గుంటల దగ్గర కాపు కాసీ అంచనా వేస్తుంది. 2024 మేలో తీసిన లెక్కలో తమిళనాడులో 3,063 ఏనుగులు ఉన్నాయని అంచనా. కానీ అది పెద్దలు, శిక్షణ పొందినవాళ్లు చేసే పని. పిల్లలూ, మీకు ఇప్పటికి పిట్టలే. మునిగే బుడుబుంగను సరిగ్గా లెక్కపెట్టడం నేర్చుకున్నవాళ్లే రేపు ఏనుగు దాకా వెళ్తారు.

పొంగల్ తర్వాత

ఫిబ్రవరిలో ప్రపంచమంతటా నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంది. 1998లో మొదలైంది, మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. అందులోనే బడులు, కాలేజీల ఆవరణలో చేసే క్యాంపస్ లెక్క కూడా ఉంది. మన బడి వేపచెట్ల కింద మనమూ చేద్దాం.

అంతకు ముందు ఒక కోరిక. సెలవులు అయ్యాక బడికి వచ్చేటప్పుడు ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా ఒక కాగితం తేవాలి. తాతతోనో అవ్వతోనో కలిసి చూసిన పిట్టలు, వాటి సంఖ్య, మూడు భాషల్లో పేర్లు అందులో ఉండాలి. ఐదు పిట్టలున్నా చాలు. తాతా అవ్వా దగ్గర లేనివాళ్లు పక్కింటి పెద్దలను అడగండి, వాళ్లూ సంతోషిస్తారు. పాలపిట్ట కనబడకపోతే, "వెతికాం, కనబడలేదు" అని రాయండి. దాన్ని కూడా నేను జాగ్రత్తగా దాచిపెడతాను.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.

మీ ప్రధానోపాధ్యాయుడు