సీసం ఒక్కటే లోతుకు తీసుకెళ్లదు

పడవ వెనక రెండు వందల గ్రాముల ఎర కట్టి లాగుతున్నాం కాబట్టి అది తిన్నగా అడుగుకు పోయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. పడవ ఆగి ఉంటే అది నిజమే. కదలడం మొదలైన క్షణం నుంచి ఆ ఎర మీద సీసం పెత్తనం తగ్గి నీటి పెత్తనం పెరుగుతుంది. ఉత్తర అమెరికా సరస్సుల్లో మస్కీ చేప కోసం బరువైన స్పిన్నర్‌బెయిట్‌ను లోతున లాగే పద్ధతంతా ఈ రెంటి మధ్య నడిచే బేరమే.

ముందు చేప సంగతి. పూర్తి పేరు మస్కెలుంజ్. మహా సరస్సులు, సెయింట్ లారెన్స్ నది, ఎగువ మిసిసిపీ, ఒహాయో నదీ ప్రాంతం దాని పుట్టిల్లు. ఆడచేపలు మగవాటికన్నా పెద్దవి, నాలుగడుగులు దాటినవీ దొరుకుతాయి. మన కొరమీనులాగే మాటువేసి ఒక్క దూకుతో పట్టే వేటగాడిది. ఎంతకీ చిక్కదు గనుక దానికి ‘పదివేల విసుర్ల చేప’ అని పేరు. విస్కాన్సిన్ 1955లో దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. సరిగ్గా ఆ ఏడాది జులైలోనే మిన్నెసోటాలోని లీచ్ లేక్‌లో, గాలి ఆడని మండుటెండల్లో, మస్కీలు వరసపెట్టి గాలాలకు పడ్డాయి. ఇప్పటికీ అక్కడ ఆ కథ చెప్పుకుంటారు. అలాంటి రోజుల కోసం కూర్చుంటే జన్మ సరిపోదు కాబట్టి, ఎరను చేప ఉండే చోటికే తీసుకెళ్లే దారి వెతుక్కున్నారు.

ఆ చోటు ఎప్పుడూ ఒడ్డున నాచులోనే ఉండదు. వేసవిలో లోతైన సరస్సు పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చని తేలిక నీరు, అడుగున చల్లని బరువు నీరు, నడుమ ఉష్ణోగ్రత చటుక్కున పడిపోయే పలుచని పొర. పోషకాలు ఎక్కువున్న సరస్సుల్లో ఆ పొర కింద ప్రాణవాయువు సన్నగిల్లుతుంది. సిస్కో అనే కొవ్వుపట్టిన చేప ఉంది, మిన్నెసోటాలో దాన్ని టలిబీ అంటారు. దానికి చల్లదనం కావాలి, ఊపిరీ కావాలి. పైన వేడి, కింద ఊపిరాడని నీరు, మధ్యలో ఇరుక్కుని గుంపులు కడుతుంది. పెద్ద మస్కీలు ఆ గుంపుల చుట్టూ తిరుగుతాయి. చలికాలం ముందు సరస్సు మళ్లీ పైనుంచి కిందిదాకా కలిసిపోయాక సిస్కోలు గుడ్లు పెట్టడానికి రాళ్ల తిప్పల మీదికి చేరతాయి. మస్కీలు ఆ తిప్పల ఏటవాలు అంచుల్లో కాపు కాస్తాయి. కాబట్టి లోతంటే అడుగే అనుకోనక్కర్లేదు. నలభై అడుగుల నీటిలో ఇరవై అడుగుల దగ్గర తేలే చేపకు అడుగున పాకే ఎరతో పనే లేదు.

ఇక ఎర. వంచిన ఉక్కు తీగ ఒకటి, కింది కొసన సీసపు తల, దానిలో బిగించిన పెద్ద గాలం, గాలాన్ని కప్పుతూ రబ్బరు కుచ్చు లేదా వెంట్రుకల కుచ్చు. పై కొసన గిర్రున తిరిగే లోహపు రేకులు ఒకటో రెండో. చేత్తో విసిరే మస్కీ స్పిన్నర్‌బెయిట్ ఒకటి నుంచి మూడు ఔన్సులు తూగితే, లోతున లాగడానికి చేసినవి ఆరు, ఎనిమిది ఔన్సులకూ పోతాయి. ఔన్సంటే సుమారు 28 గ్రాములు. నడుస్తున్న పడవ వెనక లైను వదిలి ఈ ఎరను ఈడ్చుకుపోవడమే ట్రోలింగ్. విశాఖ ట్రాలర్ల వలపనికీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ వల ఉండదు, ఒక బెత్తం, ఒక లైను, ఒక ఎర, అంతే.

ఇప్పుడు అసలు లెక్క. సీసం నీటికన్నా పదకొండు రెట్లు సాంద్రమైనది కాబట్టి నీళ్లలో మునిగినా తన బరువులో పదకొండో వంతే పోగొట్టుకుంటుంది. ఆ బరువు వేగంతో మారదు. నీరు వెనక్కి లాగే బలం మాత్రం వేగంతో పాటు కాదు, దాదాపు వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు మూడు మైళ్ల నుంచి నాలుగుంపావుకు పెంచారంటే లాగుడు రెట్టింపయినట్టే. ఆరుకు పెంచితే నాలుగింతలు. కిందికి గుంజే బలం ఉన్నచోటే ఉంటే, వెనక్కి గుంజే బలం ఎగబాకుతూ పోతుంది. ఎర పైకి తేలకేం చేస్తుంది?

మూతికి ప్లాస్టిక్ పెదవి ఉన్న క్రాంక్‌బెయిట్‌ది ఇందుకు పూర్తిగా తిరగబడ్డ స్వభావం. నీరు ఆ పెదవిని తన్నినకొద్దీ అది కిందికి దూరుతుంది, పడవ ఆపితే పైకి తేలుతుంది. స్పిన్నర్‌బెయిట్ పడవ ఆపితే మునుగుతుంది. క్రాంక్‌బెయిట్ అలవాటుతో స్పిన్నర్‌బెయిట్ లాగేవాళ్లు లోతు చాలలేదని వేగం పెంచడం చూస్తుంటాం. వాళ్లు ఎరను చేప నెత్తిమీద నుంచి ఇంకా పైకి ఎత్తుతున్నారన్నమాట.

రేకు సంగతిలో కూడా ఇదే తప్పు జరుగుతుంది. కొలరాడో అనే గుండ్రటి రేకు తిరిగేటప్పుడు చాలా నీటిని తోస్తుంది. గట్టిగా దడదడలాడుతుంది, అంత గట్టిగానే ఎరను పైకెత్తుతుంది. విల్లో అనే పొడవాటి ఆకు రేకు తీగకు దగ్గరగా, బిగువుగా తిరుగుతుంది కాబట్టి ఎత్తేది తక్కువ. ఎనిమిది ఔన్సుల తల కొని దానికి రెండు భారీ కొలరాడో రేకులు తగిలించడం, నా దృష్టిలో, డబ్బిచ్చి కొన్న సీసాన్ని రేకులకు దానం చేయడమే. లోతే ముఖ్యమైతే విల్లో రేకుకో, చిన్న కొలరాడోకో మారడం మేలు.

అలాగని దడ అనవసరమని కాదు. లోతుకు పోయినకొద్దీ వెలుగు తగ్గి రంగులు మాసిపోతాయి, ఎరుపు అన్నిటికన్నా ముందు పోతుంది. మస్కీ కింది దవడ మీద చిన్న చిన్న రంధ్రాలుంటాయి, ఒంటి పక్కన కదలికను పసిగట్టే ఇంద్రియం పొడవునా ఉంటుంది. 2001లో వెలువడిన ప్రయోగాల్లో చూపు లేని మస్కీలు ఎరజీవి వెంట మాటుగా కదలడం మానేశాయి, కానీ అది బాగా దగ్గరికి వస్తే దూకి అందుకున్నాయి. దూరం నుంచి వెంటపడటానికి కన్ను, ఆఖరి దూకుకు కన్నుతో పాటు ఆ కదలిక ఇంద్రియం అన్నమాట. రేకు మెరుపూ దడా రెండూ ఎందుకు కావాలో దీన్నిబట్టి తెలుస్తుంది. మస్కీ కళ్లు పైకి చూడటానికి అనువుగా ఉంటాయి కాబట్టి ఎర చేపకన్నా కాస్త పైన నడవడమే మంచిది. కిందికి పోయిందంటే ఆ శ్రమంతా వృథా.

లైను కూడా నీటిని అడ్డుకుంటుంది. ఎనభై పౌన్ల అల్లిక లైను అంతే బలమున్న నైలాను లైనులో సుమారు సగం లావుంటుంది, నీటిని సన్నగా కోసుకుపోతుంది. అందుకే లోతు పనికి అందరూ దాన్నే వాడతారు. చివర మాత్రం ఫ్లోరోకార్బనో ఉక్కు తీగో ఉండాలి, లేకపోతే మస్కీ పళ్లకు ఏదీ నిలవదు. ఇంకా వదిలితే ఇంకా లోతుకు పోతుందన్న ఆశకూ ఒక హద్దుంది. నూరడుగుల లైనుకు వచ్చిన లోతు రెండు వందల అడుగులకు రెట్టింపవదు. పొడవు పెరిగేకొద్దీ లైనే నీటికి తగులుకుని వంపు తిరిగి సాగిలపడుతుంది.

ఇన్ని మారుతుంటే లోతు తెలిసేదెలా? ఎంత లైనుకు ఎంత లోతో చెప్పే పట్టికలను నమ్మడం కన్నా కొలుచుకోవడం నయం. అడుగు చదునుగా, రాళ్లూ మొద్దులూ లేకుండా, సోనార్‌లో ఇరవై అడుగులు చూపే చోటు చూసుకోండి. జీపీఎస్‌లో వేగం మూడు మైళ్ల దగ్గర నిలపండి. లైను పొడవు చూపే మీటరున్న రీలుతో కొంచెం కొంచెంగా వదులుతూ పోండి. ఎర అడుగుకు తగిలి బెత్తం కొస టకటకమన్న చోట అంకె రాసుకోండి. ఆ ఎర, ఆ రేకు, ఆ లైను, ఆ వేగం కలిస్తే ఇరవై అడుగులకు అదీ లెక్క. రేకు మార్చారా, మళ్లీ కొలవాల్సిందే.

నదిలో అయితే ఈ లెక్కకు ఇంకో మెలిక. జీపీఎస్ చెప్పేది నేల మీద వేగం, ఎరకు తెలిసేది నీటిలో వేగం. సెయింట్ లారెన్స్‌లోనో డెట్రాయిట్ నదిలోనో ప్రవాహం గంటకు రెండు మైళ్లుందనుకుందాం. తెర మీద మూడు చూస్తూ ఎదురు వెళితే ఎర ఐదు మైళ్ల నీటిని ఎదుర్కొని పైకి లేస్తుంది. అదే మూడుతో వాలుకు వస్తే దానికి ఒక్క మైలే. అడుగుకు దిగబడి రాళ్లలో ఇరుక్కుంటుంది. అలాంటి చోట బెత్తం కొసే నమ్మకమైన మీటరు. రేకు బాగా తిరుగుతుంటే కొస లయగా అదురుతుంది. ఆ అదురు చచ్చిపోయిందంటే నాచు పట్టిందనో, వేగం చాలలేదనో అర్థం.

మలుపులు మాత్రం ఉచితంగా దొరికే ప్రయోగాలు. రెండు పక్కలా ఎరలు లాగుతున్నప్పుడు పడవ ఎడమకు తిరిగితే ఎడమ ఎర నెమ్మదించి దిగుతుంది, కుడి ఎర వేగం పుంజుకుని లేస్తుంది. చేప ఏ పక్క తగిలిందో గుర్తుపెట్టుకుంటే ఆ రోజుకు వేగం తగ్గించాలో పెంచాలో అదే చెబుతుంది. మిషిగన్‌లో ఒక మనిషి మూడు లైన్లు వేయవచ్చు కాబట్టి ఇది సులువు. మిన్నెసోటాలో మంచు లేని నీటిలో మనిషికి ఒక్క లైనే.

ఈ ఎర అన్ని లోతులకూ మందు కాదు. రాళ్ల తిప్పల మీద, మొద్దుల మధ్య, నాచు బయటి అంచుల్లో దానికి సాటి లేదు. గాలానికి ముందుండే తీగ అడ్డొచ్చినదాన్ని పక్కకు తోస్తుంది. అదే నలభై అడుగుల నీటి నడుమ తేలే చేపల కోసమైతే మరింత సీసం పోయడం కన్నా, ఎరను కచ్చితమైన లోతులో నిలిపే డౌన్‌రిగ్గరో సీసం నిండిన లెడ్‌కోర్ లైనో వాడడం తెలివైన పని.

చేప తగిలిందనుకోండి. అల్లిక లైను సాగదు కాబట్టి రీలు పట్టు మరీ బిగిస్తే నోరు చిరుగుతుంది. పడవను ఒక్కసారిగా ఆపితే లైను వదులై గాలం జారుతుంది. కాసేపు నెమ్మదిగా నడుపుతూనే ఉండాలి. చాలా స్పిన్నర్‌బెయిట్లకు ఒకే గాలం ఉండటం ఇక్కడ కలిసొస్తుంది, మూడేసి మొనల గాలాలు వేలాడే క్రాంక్‌బెయిట్ కన్నా విడిపించడం తేలిక. లోతైన రబ్బరు వల, గాలం కత్తిరించే కట్టరు దగ్గర పెట్టుకుని, చేపను వలలోనే, నీళ్లలోనే ఉంచి విడిపించాలి. పై నీరు 80 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే 27 సెల్సియస్, దాటితే పోరాడి అలసిన మస్కీ కోలుకోవడం కష్టం. అనుభవమున్నవాళ్లు అలాంటి వారాల్లో గాలం వేయరు. మినియాపొలిస్, డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడి కొత్తగా లైసెన్సు తీసుకున్న మన తెలుగువాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మిన్నెసోటాలో 2015 నుంచి 54 అంగుళాలకు తక్కువున్న మస్కీని ఉంచుకోవడానికి వీల్లేదు. కొలబద్ద ముందే నీళ్లలో తడిపి పెట్టుకోండి, పొడి చెక్క మీద వేస్తే చేప ఒంటి జిగురు ఊడిపోతుంది.