గొల్ల రామవ్వను చిత్రించిన కథకుడు

ఒక్కొక్కప్పుడు గొప్ప పదవి మనుష్యునిలోని మరియొక ప్రతిభను మరుగుపరచును. శ్రీ పాములపర్తి వేంకట నరసింహారావుగారి విషయమున అట్లే జరిగినది. వారు 1971 నుండి 1973 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగను, 1991 నుండి 1996 వరకు భారత ప్రధానమంత్రిగను ఉండిరని పలువురెరుగుదురు. వారు కథకులనియు, నవలాకారులనియు, అనువాదకులనియు ఎరిగినవారు కొందరే. బాలబాలికలారా! ఈ పాఠమున ఆ కథకుని పరిచయము చేసికొందము.

నరసింహారావుగారు 1921 జూన్ 28వ తేదీన వరంగల్లు జిల్లాలోని లక్నేపల్లి గ్రామమున జన్మించిరి. బాల్యముననే దత్తతపోయి, ఆనాటి కరీంనగరు జిల్లాలోని వంగర గ్రామమున పెరిగిరి. వంగర నేడు హనుమకొండ జిల్లాలో చేరియున్నది. అది నిజాం పాలనాకాలము. కచేరీలలో వ్యవహారము ఉర్దూలో సాగుచుండెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును ఉర్దూయే బోధనభాష. తెలంగాణ పల్లెలలో అత్యధికుల మాతృభాషయైన తెలుగునకు రాజాదరణ లేకుండెను.

1938లో వందేమాతర గీతము పాడినందులకు పెక్కుమంది విద్యార్థులు విద్యాలయములనుండి బహిష్కృతులైరి. వారిలో నరసింహారావుగారు నొకరు. అట్టివారికి నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చెను. నరసింహారావుగారు అచట న్యాయశాస్త్రము నభ్యసించిరి. పిమ్మట నిజాం వ్యతిరేకోద్యమమున చేరి, ఆదిలాబాదు జిల్లా సరిహద్దున కావల నున్న చాందా శిబిరమున పనిచేసిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమాయెను. ఆ కాలముననే వారు పాములపర్తి సదాశివరావుగారితో కలిసి వరంగల్లునుండి ‘కాకతీయ’ పత్రికను నడపిరి. 1949లో ఆ పత్రికయందే ‘విజయ’ అను మారుపేరుతో ‘గొల్ల రామవ్వ’ కథను ప్రకటించిరి.

ఆ కథ సంగ్రహముగ నిట్టిది. రామవ్వ పేద ముదుసలి. మనుమరాలితో గుడిసెలో కాపురముండును. ఒకనాటి రాత్రి నిజాం ప్రభుత్వముపై పోరాడు యువకుడొకడు, పోలీసులు తరుముచుండగా ఆ గుడిసెలో దూరెను. రామవ్వ వానిని వెళ్లగొట్టలేదు. వానికి గొల్లవాని వేషము వేసి, పోలీసులు వచ్చినపుడు మనుమరాలి పెనిమిటియని చెప్పి కాపాడెను. ఆమెకు చదువు లేదు, ధనము లేదు, ఆయుధము లేదు. ఉన్నది ధైర్యము, సమయస్ఫూర్తి. చరిత్రగ్రంథములు నాయకుల పేర్లను భద్రపరచును. అట్టి పోరాటములకు అన్నముపెట్టి, నీడనిచ్చిన అవ్వల పేర్లను వ్రాసిపెట్టువారు అరుదు. ఆ లోపమును ఈ కథ కొంత తీర్చినది.

ఈ కథయందు మరియొక విశేషము కలదు. పాత్రల సంభాషణలు తెలంగాణ పల్లెభాషలో నడచును. మనము చదువుచున్న ఈ పాఠము గ్రాంథికమున నున్నది. రామవ్వ కూడ ‘నాయనా! ఎచ్చటికి పోవుచున్నావు? జాగరూకుడవై యుండుము’ అని పలికినచో ఎవరు నమ్ముదురు? మన పల్లెలలోని అవ్వ ‘ఏడికి పోతున్నవు బిడ్డా? పైలం!’ అనును. ఆ ‘పైలం’ అను ఒక్క మాటలో హెచ్చరికయు, వాత్సల్యమును కలిసియున్నవి. పెక్కు భాషలు నేర్చిన పండితుడు ఆ మాటలను తక్కువచేసి చూడక అచ్చునకెక్కించుటయే ఈ కథ గొప్పతనము.

ఇట్టి కృషి ఇతర దేశములందును జరిగినది. స్పెయిన్ దేశములోని కటలోనియా ప్రాంతపు భాష కటలాన్. 1939లో ఫ్రాంకో విజయము పొందిన పిమ్మట ఆ భాష బడులనుండియు కచేరీలనుండియు తొలగింపబడెను. మెర్సే రొదొరెద అను రచయిత్రి ప్రవాసమున నుండియు ఆ భాషను విడువలేదు. బార్సిలోనా నగరమందలి ఒక సామాన్యస్త్రీ తన బ్రతుకును తానే చెప్పుకొనినట్లుగా ఆమె కటలాన్ భాషలో రచించిన నవల 1962లో వెలువడి, దేశదేశముల భాషలలోనికి అనువదింపబడెను. తన ఊరి మాటతో వ్రాసినది లోకమునకు చేరదను భయము నిరాధారమని దీనివలన తెలియుచున్నది.

నరసింహారావుగారు ఒక భాషవారి బ్రతుకును వేరొక భాషవారికి తెలుపుటయందును శ్రమించిరి. విశ్వనాథ సత్యనారాయణగారి బృహన్నవల ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ అను పేర హిందీలోనికి తెచ్చిరి. హరినారాయణ ఆప్టే మరాఠీలో రచించిన నవలను ‘అబల జీవితము’ అను పేర తెలుగు చేసిరి. అది ఆనాటి స్త్రీల కష్టములను ఒక స్త్రీ నోటనే చెప్పించిన గ్రంథము.

1957 నుండి 1977 వరకు వారు మంథని నియోజకవర్గమునకు శాసనసభ్యులు. ప్రధానమంత్రి పదవినుండి దిగిన పిమ్మట, 1998లో వారి ఆంగ్ల నవల ‘ది ఇన్‌సైడర్’ వెలువడెను. అది తెలుగున ‘లోపలి మనిషి’ పేర వచ్చినది. అఫ్రోజాబాద్ అను కల్పిత రాష్ట్రమున ఆనందుడను యువకుడు రాజకీయములలో ప్రవేశించి, అధికారము మనుష్యులను ఎట్లు మార్చునో చూచుట అందలి కథ. తొలికథలో గుడిసె లోపలి ధైర్యమును చూపిన కలము, ఈ నవలలో అధికారము లోపలి బలహీనతను చూపినది. 2004 డిసెంబరు 23న వారు పరమపదించిరి. 2024లో భారతప్రభుత్వము వారికి మరణానంతరము భారతరత్న బిరుదమునిచ్చి గౌరవించినది.

బాలలారా! పల్లెనుండి పట్టణపు బడికి వచ్చినవారు కొందరు తమ ఇంటిమాట పలుకుటకు సిగ్గుపడుదురు. పుస్తకభాషను చక్కగా నేర్చుకొనుడు. అది మిమ్ములను నలుగురిలో నిలుపును. ఇంటిభాషను మాత్రము విడువకుడు. మీ ఇంటి అవ్వను కూర్చుండబెట్టి, ఆమె చూచిన కరవులను, చేసిన సాహసములను అడుగుడు. ఆమె చెప్పినది చెప్పినట్లే వ్రాసియుంచుడు. రామవ్వవంటి అవ్వలు ప్రతి ఊరిలోను కలరు. వారి మాట వినువారే కొరవడినారు.